పలుపు లేకుండా ఇచ్చిన కుక్కలు

రిటైరైన వాళ్ల దగ్గరికి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు వచ్చి అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" ఊళ్లలోని గ్రామ సచివాలయాల్లో పశువుల పని చూసే పిల్లలు నెలకొకరైనా మా ఇంటికి వచ్చి ఇదే అడుగుతారు. అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన సంగతో, గాలికుంటు వచ్చిన ఏడాది ఊరూరా సూదులు వేసుకుంటూ తిరిగిన సంగతో చెబుతానని పెన్ను తీసి కూర్చుంటారు. నేను కుక్కల సంగతి మొదలుపెడతాను. వాళ్లు పెన్ను జేబులో పెట్టేసుకుంటారు. మీరు అలా చెయ్యకండి. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులకు కొదవ లేదు గాని, తలుచుకున్నప్పుడల్లా నవ్వు తెప్పించే తప్పు మాత్రం ఈ ఒక్కటే.

నేను చివరగా పనిచేసింది ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు పోయే దారిలో ఒక చిన్న పశువుల ఆస్పత్రిలో. ఊరి పేరు వద్దులెండి. ఇందులో నవ్వులపాలైన వాళ్లంతా ఇంకా అక్కడే ఉన్నారు. కాగితాల మీద నా హోదా బారెడు పొడుగుండేది. జనానికి మాత్రం నేను కాంపౌండరునే. నాకు పైన ఒక డాక్టరమ్మ, నాతోపాటు ఒక అటెండరు. డాక్టరమ్మది మా అమ్మాయి వయసు. తెలియనిది తెలియదని చెప్పేది, కోపం వస్తే దాచుకునేది కాదు. అటెండరుకూ నాకూ పాతికేళ్ల స్నేహం. ఏరా అంటే ఏరా. వాడికి లోకంలో ప్రియమైనవి రెండే వస్తువులు: ఒక పాత మోటారు సైకిలు, మెడలో ఎర్ర తువ్వాలు. ఆ తువ్వాలు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నా రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుందనగా ఒకరోజు పొద్దున్నే ఆస్పత్రి ముందు ఆటో ఆగింది. అందులోంచి నా ఈడు మనిషి ఒకాయన దిగాడు. రెండు చేతుల మీద గొంగడి కప్పిన జంతువు ఏదో ఉంది. గొంగట్లోంచి నాలుగు పొడుగాటి కాళ్లు వేలాడుతున్నాయి.

అటెండరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏందయ్యా ఇది, జింకను పట్టుకొచ్చినావా? అందరం జైలుకు పోతాం."

"కుక్కేనన్నా. రేసు కుక్క. కాలివేలు ఇరిగినాది."

పేర్లు వద్దనుకున్నాం కాబట్టి ఆయన్ని కుక్కలాయన అందాం. డాక్టరమ్మ గొంగడి తీసి చూసింది. గ్రేహౌండ్ అంటే నేను బొమ్మల్లోనే చూశాను. సన్నటి మూతి, లోపలికి పోయిన పొట్ట, పలుచటి తోలు కింద లెక్కపెట్టగలిగినట్టున్న ఎముకలు. వేలు సరిచేసి కట్టు కడుతున్నంతసేపూ అది మూలగలేదు. పక్కన నిలబడ్డ నా తొడకు తన బరువంతా ఆనించి కళ్లు మూసుకుంది. ముప్ఫై ఏళ్లుగా పశువులు నన్ను తన్నాయి, పొడిచాయి, కరిచాయి. ఆనుకుని నిలబడింది మాత్రం అదే మొదలు.

కట్టు అయ్యాక కుక్కలాయన అసలు సంగతి చెప్పాడు. ఉదయగిరి కొండ కింద ఒక ఆసామికి పందేల సరదా. తిరునాళ్లలో కుక్కల పరుగు పందేలు పెడతారు గదా, వాటి కోసం ఈ జాతి కుక్కల్ని ఎక్కడో పంజాబు వైపు నుంచి తెప్పించాడు. దున్ని చదును చేసిన చేలో మోటారు సైకిలు వెనక పొడుగాటి తాడుకు ఎర్రగుడ్డ మూట కట్టి లాగుతారు. దాని వెంట కుక్కలు పరిగెత్తాలి. మూడు నాలుగేళ్లు బాగానే సాగింది. కాళ్లు నెమ్మదించాక ఆసామికి సరదా తీరిపోయింది. కుక్కల షెడ్డు నిమ్మకాయలు లోడు చేసుకునేదానికి కావాలన్నాడు. పది రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు.

"తొమ్మిది ఉండాయమ్మా," అన్నాడు కుక్కలాయన. "అడవిపందుల వేటకు పొయ్యేవాళ్లు ఊరికే ఇస్తే తోలుకుపోతామంటుండారు. ఆసామి సరే అన్నాడు."

"వేటకు పోతే ఏమవుతుంది?" అంది డాక్టరమ్మ.

"పోయినేడు రెండింటిని తోలుకుపోయినారు. ఒకటే తిరిగొచ్చినాది, పొట్ట చీలిపోయి. దబ్బనంతో నేనే కుట్టినాను. బతకలా." ఆయన బల్ల మీది కుక్క చెవి నిమురుతూ ఉండిపోయాడు. "నాకు కూతురింట్లో ఒక గది. అల్లుడికి కుక్కంటే పడదు. ఏదన్నా చెయ్యమ్మా."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. ముందే చేతులు అడ్డం పెట్టాను. "అమ్మా, మనది పశువుల ఆస్పత్రి. కుక్కలకు సంబంధాలు చూసే ఆఫీసు కాదు."

"కుక్క పశువు కాదా?"

ఆ సాయంత్రమే ముగ్గురం షెడ్డుకు వెళ్లాం. తొమ్మిదీ గడ్డి మీద పడుకుని ఉన్నాయి. కొత్తవాళ్లం వచ్చినా ఒక్కటీ మొరగలేదు. తలలెత్తి చూసి, లేచి వచ్చి ఒకదాని తరవాత ఒకటి మా కాళ్లకు ఆనుకున్నాయి. అటెండరు గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. వాడికి కుక్కంటే భయమని పాతికేళ్ల స్నేహంలో అప్పుడే తెలిసింది. వాటిలో తెల్లటి ఆడకుక్క ఒకటి, మూతి నెరిసింది, అందరికంటే వెనగ్గా వచ్చి కుక్కలాయన పక్కన నిలబడింది.

"ఇది మా అవ్వ," అన్నాడాయన. "అన్నిటికంటే పెద్దది. ఒకప్పుడు దీని ముందర ఏ కుక్కా నిలిచేది కాదు. ఇప్పుడు దాని పరుగు అయిపోయినాది."

డాక్టరమ్మ మద్రాసులో ఇలాంటి కుక్కల్ని ఇళ్లకు ఇప్పించే వాళ్లెవరితోనో ఫోనులో గంటసేపు మాట్లాడి, ఒక నోటు పుస్తకం తయారుచేసింది. కుక్కను అడిగిన ప్రతి ఇంటి గురించీ అందులో రాయాలట. ప్రహరీ ఉందా? పిల్లి ఉందా? కోళ్లు ఉన్నాయా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా?

"కోళ్లు లేని ఇల్లు యాడుంటాదమ్మా మన వైపు?" అన్నాడు అటెండరు.

అందుకని డాక్టరమ్మ ఒక పరీక్ష పెట్టింది. అటెండరు బుట్టలో నాటుకోడి పెట్టను తెచ్చి ఒక్కో కుక్క ముందూ చూపించాలి. కోడిని చూసి పెదాలు నాకిన కుక్క పేరు ఎదుట తప్పు గుర్తు. పక్కకు తిరిగిన దాని ఎదుట ఒప్పు గుర్తు. కోడి బుట్టలో గోల చేస్తుంటే, అటెండరు బుట్టను చేతులు సాచినంత దూరంలో పట్టుకుని, తను మాత్రం కుక్కల వైపు చూడకుండా నడుస్తుంటే, షెడ్డు బయట నిమ్మతోట కూలీలు పని ఆపి చూశారు. మూడు కుక్కలు పెదాలు నాకాయి. అవ్వ కోడిని చూసి ఆవులించింది.

ఇళ్లు వెతికే పని నాది. మాది గొర్రెలు కాసిన ఇల్లు. మా నాయన వెంట చిన్నప్పుడు తిరిగిన ఊళ్లన్నీ నాకు కొట్టినపిండి. బండేసుకుని చేజర్ల, కలిగిరి, అనుమసముద్రంపేట అన్నీ చుట్టాను. మా వైపు కుక్కను తెచ్చుకునేది కాపలాకే. ఇదేమో మొరగని కుక్క, రోజులో ముప్పాతిక భాగం నిద్రపోయే కుక్క. మొదటి రెండు రోజులు ప్రతి ఇంట్లోనూ నవ్వి పంపేశారు. ఒకాయన "అది కుక్కా, కొత్తల్లుడా?" అని అడిగాడు. ఆ తరవాత తెలివి తెచ్చుకుని, మొరగని కుక్క ఎవరికి కావాలో ఆలోచించడం మొదలుపెట్టాను. అనుమసముద్రంపేటలో దర్గాకు వచ్చేవాళ్లకు టీ అమ్మే ఆయన, గిరాకీని బెదరగొట్టని కుక్క అంటే సంతోషంగా ఒప్పుకున్నాడు. కలిగిరిలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు, నలభై ఏళ్లు పిల్లల అరుపులు విన్నాను, నిశ్శబ్దంగా ఉండేది ఏదైనా పంపమన్నాడు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఒకామె ఇంకేమీ అడగకుండా, "పక్కన పడుకుంటాదా? అయితే తీసుకురా అన్నా, రోజంతా ఒక్కదాన్నే చెక్కుతుండా," అంది. చేజర్ల రైతు ఒకాయన రెండింటిని అడిగాడు. మిగతా మూడూ ఆత్మకూరు చుట్టుపక్కల కుదిరాయి.

వెరసి ఎనిమిది. తొమ్మిదోది అవ్వ. ముసలిదాన్ని ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ పుస్తకం తెరిచి అడిగినప్పుడు, "చూస్తున్నానమ్మా, దాదాపు కుదిరినట్టే," అన్నాను. అబద్ధం.

ఇక నా అసలు తప్పు దగ్గరికొస్తున్నాను. మద్రాసు వాళ్లు ఫోనులో మెడ బెల్టుల గురించి ఏదో చెప్పారని, అవి ఉన్నాయో లేదో చూడమని డాక్టరమ్మ నాకు చెప్పింది. కుక్కలాయన ప్రతి కుక్కకూ తన చేత్తో కుట్టిన బెల్టు ఉంది. నాలుగు వేళ్ల వెడల్పు తోలు, దానికి పట్టుకునే తాడు, లోపల ఒరుసుకోకుండా గొంగడి ముక్క. వాటిని నేను చూశాను. "ఉన్నాయమ్మా, అవన్నీ నేను చూసుకుంటాగా," అన్నాను. తీరా తీసుకోబోయే వాళ్లతో చెప్పింది ఏమిటంటే, "తాడు మాత్రం మీరే తెచ్చుకోండి."

మా వైపు గొడ్డును అమ్మినా ఇచ్చినా పలుపు ఇవ్వరు. పలుపు పోతే దాంతోపాటు కొట్టంలో కళ కూడా పోతుందని నమ్మకం. తీసుకునేవాడు తన తాడు తెచ్చి కట్టుకోవాలి. ఇచ్చేవాడు పాత పలుపు విప్పి భుజాన వేసుకుని ఇంటికి పోవాలి. చిన్నప్పటి నుంచీ చూసిందే కాబట్టి, కుక్కకైనా అంతేననుకున్నాను. అలా అనుకున్నానని కూడా కాదు, అసలు ఆలోచించనే లేదు. కుక్కలాయన కూడా అడగలేదు.

పదో రోజు ఆదివారం. పొద్దున్నే అందరూ ఆస్పత్రి ఆవరణలో చేరారు. కొత్త నైలాన్ తాళ్లు, నులక తాళ్లు, హెడ్మాస్టరు గారైతే నెల్లూరులో కొన్న గొలుసూ సన్న బెల్టూ తెచ్చారు. కుక్కలాయన ఒక్కో కుక్క ముందూ మోకాళ్ల మీద కూర్చుని, దాని చెవిలో ఏదో చెప్పి, బెల్టు విప్పి తన భుజాన వేసుకున్నాడు. వాళ్లు తమ తాళ్లు కట్టుకున్నారు. ఎనిమిది కుక్కలూ బుద్ధిగా నిలబడ్డాయి. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని, అందరికీ టిఫిను తెమ్మని అటెండరుకు చెప్పింది.

వాడు బండి స్టార్టు చేశాడు. మెడలో ఎర్ర తువ్వాలు వెనక్కి వేసుకున్నాడు. బండి గేటు దాటింది. తువ్వాలు గాలికి లేచింది.

ఎనిమిది తలలు ఒక్కసారిగా పైకి లేచాయి. కుక్కలాయన "అయ్యో" అనేలోపే అవి ఒక అడుగు వెనక్కి వేసి మెడలు లాక్కున్నాయి, అంతే. చేతి గాజు తీసినంత సులువుగా తాళ్లు ఊడిపోయాయి. వచ్చినవాళ్ల చేతుల్లో ఎనిమిది తాళ్లు, వాటి చివర ఖాళీ ఉచ్చులు. కుక్కలు రోడ్డెక్కాయి, వేలికి కట్టున్నది కూడా.

నేను వాటి పరుగు చూడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, ఆ గాబరాలో కూడా ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాను. తరవాత గుర్తొచ్చింది, అది బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు.

అటెండరు అద్దంలో చూసుకున్నాడు. వాడికి కనిపించింది ఎనిమిది నోళ్లు. పట్టి కరవడానికే వస్తున్నాయనుకుని బండి వేగం పెంచాడు. వాడు వేగం పెంచితే కుక్కలకు ఇంకా హుషారు. ఎన్నాళ్లకో ఇంత మంచి పందెం దొరికింది వాటికి. డాక్టరమ్మ స్కూటీ తీసింది, వెనక కుక్కలాయన ఎక్కాడు. నేనూ టీకొట్టాయనా గరిటెల ఆమే ఒక ఆటోలో పడ్డాం.

"ఒరే, ఆగరా!" అని నేను అరుస్తున్నాను.

"ఆగొద్దు, తువ్వాలు పారెయ్!" అని గరిటెల ఆమె అరుస్తోంది.

వాడికి ఏదీ వినపడలేదు. ఎదురుగా వచ్చిన ఆత్మకూరు బస్సు డ్రైవరు దయగల మనిషి. ముందు బండి, వెనక కుక్కల వరస, ఆ వెనక స్కూటీ, ఆటో చూసి, బస్సును పక్కకు తీసి ఆపేశాడు. కిటికీల్లోంచి జనం ఈలలు వేశారు.

చివరికి అటెండరు ఒక రైసు మిల్లు ఆవరణలోకి తిప్పాడు. అక్కడ వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండి వడ్లలో కూరుకుని పక్కకు ఒరిగింది. వాడు మా ఆస్పత్రిలో ఎన్నడూ చూపించని చురుకుతో బస్తాల మీద బస్తాలెక్కి పైన కూర్చున్నాడు. కుక్కలు చుట్టూ మూగి పైకి చూస్తూ తోకలూపుతున్నాయి.

"అన్నా, తువ్వాలు!" అన్నాడు అప్పుడే స్కూటీ దిగిన కుక్కలాయన. "తువ్వాలు పడెయ్యి, చాలు!"

వాడు ప్రాణం పెట్టుకున్న తువ్వాలును కళ్లు మూసుకుని విసిరేశాడు. ఎనిమిదీ దాని మీద పడి, తలా కాసేపు పట్టుకుని, పని అయిపోయినట్టు వెచ్చటి వడ్ల మీద నాలుకలు బయటపెట్టి పడుకున్నాయి. ఒకటి అటెండరు జారవిడిచిన చెప్పు మీద తల పెట్టుకుంది.

"కరవడం రాదన్నా వీటికి," అన్నాడు కుక్కలాయన.

"ఆ మాట ముందే చెప్పి చావచ్చు గదరా!" అని బస్తాల మీద నుంచి నన్ను తిట్టాడు అటెండరు, నేను ఆటో దిగీ దిగకముందే.

కుక్కలాయన రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎనిమిదీ ఉన్నాయి. కొత్త దెబ్బలు లేవు, పాత కట్టు కూడా ఊడలేదు. అప్పుడు ఆయన భుజాన ఉన్న బెల్టులు తీసి ఒక్కోదానికీ కట్టాడు. ఆ వెడల్పాటి తోలు చెవుల కింద సరిగ్గా కూర్చుంది. డాక్టరమ్మ ఒకదాని తలా మెడా చేత్తో కొలిచి చూసి, తన నుదురు కొట్టుకుంది. ఈ జాతికి తలకంటే మెడే లావు. మామూలు తాడు ఎంత బిగించినా తల మీంచి జారిపోతుంది. మద్రాసు వాళ్లు చెప్పింది అదే.

ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి అవ్వ అక్కడే ఉంది. దాని తాడు కొసను నేను కిటికీ చువ్వకు కట్టి వచ్చాను. గాబరాలో వేసిన ఆ ముడీ ఊడిపోయి ఉంది, కాని అవ్వ రోడ్డు మీదకు పోలేదు. కుక్కలాయన విడిచిన చెప్పుల పక్కన పడుకుని గేటు వైపు చూస్తోంది.

తీసుకుపోవడానికి వచ్చినవాళ్ల మొహాలు మారిపోయాయి. హెడ్మాస్టరు గొలుసు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "నా వల్ల కాదేమోనండీ. నేను దీని వెనక పరిగెత్తలేను," అన్నారు. చేజర్ల రైతు బండి వైపు చూసుకుంటున్నాడు. ఆ రోజు దాటితే షెడ్డుకు తాళం పడుతుంది. వేటవాళ్లు సాయంత్రానికే వస్తామన్నారు.

"బెల్టులుంటే ఏ ఇబ్బందీ ఉండదు సార్," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు చూడండి, ఒక్కటీ కదలట్లేదు." ఆమె మాట పూర్తయ్యేలోపే కుక్కలాయన మొదటి కుక్క ముందు కూర్చుని మళ్లీ బెల్టు విప్పబోతున్నాడు. "మళ్లీ ఎందుకు తీస్తున్నారు?"

ఆయన చెయ్యి బకిలు మీదే ఆగిపోయింది. పైకి చూడలేదు. ఇక చెప్పక తప్పింది కాదు. మా పలుపు ఆచారం, తాళ్లు తెచ్చుకోమని చెప్పింది నేనేనన్న సంగతీ అందరి ముందూ ఒప్పుకున్నాను. తప్పు నాదే, ఆయనది కాదు అన్నాను.

"ఇవి కూడా ఇచ్చేస్తే," అన్నాడు కుక్కలాయన చాలా నెమ్మదిగా, "ఇంక నా దగ్గర ఏముంటాదమ్మా?"

అప్పుడు గరిటెల ఆమె ముందుకొచ్చి ఆయన పక్కన నేల మీద కూలబడింది.

"అన్నా, పలుపులు ఇంటికి తీసకపోయి ఏం కట్టేస్తావు? గాలినా? బెల్టుతో ఇస్తే నా కుక్క నా దగ్గరుంటాది. బెల్టు తెగితే కుట్టేదానికి నువ్వు మా ఇంటికి రావాల. అంతే గదా!"

ఆయన ఆమె మొహం వైపు చూశాడు. బకిలు మీది చెయ్యి తీసేశాడు. బెల్టు తాడు కొసను ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. "జాగర్త తల్లీ. దీనికి చలి ఎక్కువ. గొంగడి కప్పు."

తరవాత ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కో తాడూ చేతికిచ్చి, ఒక్కోదాని గురించి ఒక్కో మాట చెప్పాడు. ఇది ఉరుముకు భయపడతాది. దీనికి మెట్లెక్కడం రాదు, నేర్పాల. ఇది మజ్జిగన్నం తినదు, పెరుగైతే తింటాది. హెడ్మాస్టరు జేబులోంచి గొలుసు తీసి అటెండరుకు ఇచ్చేసి, తాడు అందుకున్నారు. తను పట్టుకున్న కుక్క తన మోకాలికి ఆనుకోగానే ఆయన మొహంలో వచ్చిన నవ్వును నేనింకా మరిచిపోలేదు. పన్నెండయ్యేసరికి ఎనిమిదీ ఆటోల్లో, బండ్లలో, ఒకటి ట్రాక్టరు తొట్టిలో వెళ్లిపోయాయి. అంత ఆనందంగా ఖాళీ అయిన ఆవరణను నా సర్వీసులో మరెప్పుడూ చూడలేదు.

మిగిలింది అవ్వ. కుక్కలాయన దాన్ని పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ నోటు పుస్తకం తెరిచింది.

"తొమ్మిదో ఇల్లు దాదాపు కుదిరిందన్నారు గదా. మీ ఇంట్లో కోళ్లున్నాయా?"

"మా ఇంట్లోనా? లేవమ్మా."

"పిల్లి?"

"లేదు."

"ప్రహరీ?"

"ఉంది."

"ఇంట్లో అందరికీ ఇష్టమేనా?"

మా ఆవిడను తలుచుకుని తల గోక్కున్నాను. అటెండరు ఆవరణ అదిరిపోయేలా నవ్వాడు. డాక్టరమ్మ ఏదో రాసేసి పుస్తకం మూసింది. కుక్కలాయన లేచి, అవ్వ బెల్టు సరిచేసి, తాడు నా చేతికిచ్చాడు. దాని గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పలేకపోయాడు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నూ, కుక్కనూ కిందా మీదా చూసింది. "రిటైరై ఇంట్లో కూర్చునేదానికి మీరొక్కరే వస్తారనుకుంటి. జతను కూడా తెచ్చుకున్నారా?" అంది. అవ్వ వెళ్లి ఆమె కాళ్లకు ఆనుకుని కళ్లు మూసుకుంది. అంతటితో ఆ విచారణ ముగిసింది.

గరిటెల ఆమె అన్నమాట నిలబెట్టుకుంది. చెక్క కోసే పనికి కుక్కలాయన్నే పెట్టుకుంది. ఆదివారం పూట ఆయన వరసగా ఇళ్లన్నీ చుట్టి, బెల్టులు చూసి, కుట్లు ఊడితే కుట్టి, మధ్యాహ్నానికి మా ఇంటికి చేరేవాడు. అవ్వను పొలం గట్ల మీద తిప్పి తెచ్చి, వెళ్లేటప్పుడు తాడు మళ్లీ నా చేతికి ఇచ్చేవాడు. నడిపించేటప్పుడు కూడా తాడును రెండు చుట్లు చేతికి చుట్టుకునే అలవాటు ఆయనకు. వదులుగా పట్టుకోవడం నేను చూడలేదు.

నాలుగు నెలలు గడిచాయి. నా రిటైర్మెంటు సభ మా ఆస్పత్రి ఆవరణలోనే జరిగింది. డాక్టరమ్మ నా గురించి మాట్లాడింది, నేను దండం పెట్టి కూర్చున్నాను. రేపటి నుంచి రోజంతా ఏం చెయ్యాలో తెలియదన్న దిగులు నాకు లోలోపల ఉంది, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు. నా పరుగు అయిపోయిందనే అనుకున్నాను. సన్మానం శాలువా కప్పారు. ఎర్రటి శాలువా, జరీ అంచు. సాయంత్రం నన్ను ఇంటి దగ్గర దింపడానికి అటెండరు బండి తీశాడు.

"ఒరే, ఆ శాలువా మడిచి సంచిలో పెట్టు," అన్నాడు.

"ఈ ఒక్కరోజు కప్పుకోనీరా," అన్నాను.

మా ఇంటి వెనక వరి కోసిన చేను. దాని గట్టు మీదుగా వస్తే దగ్గర దారి. చేలో కుక్కలాయన, అవ్వ నిలబడి మా కోసం చూస్తున్నారు. బండి గట్టు మీదకు మలుపు తిరిగింది. నా శాలువా కొస గాలికి లేచింది.

అవ్వ చెవులు నిటారుగా లేచాయి. ఒళ్లంతా సన్నగా వణకడం అంత దూరం నుంచే కనిపించింది. కుక్కలాయన దాని వైపు చూశాడు, మా వైపు చూశాడు. తాడు చేతికి ఇంకా బిగిస్తాడనుకున్నాను. ఆయన వంగి, బకిలు విప్పి, బెల్టు తీసేశాడు.

ఎలా వచ్చిందో నాకు చెప్పడం చేతకాదు. వరి దుబ్బుల మీద దాని కాళ్లు ఆనినట్టే లేదు. బండిని దాటిపోయి, పొలం చివరి దాకా పోయి, విల్లులా వంగి తిరిగి, మా ఎదురుగా వచ్చి, పక్క నుంచి పోతూ శాలువా కొస పట్టింది. నేను నవ్వుతూ వదిలేశాను. అటెండరు ఈసారి పారిపోలేదు. బండి ఆపి, గట్టు మీద నిలబడి, "ఇంకో చుట్టు! ఇంకో చుట్టు!" అని చప్పట్లు కొట్టాడు. అది శాలువాను నోట కరుచుకుని నిజంగానే ఇంకో చుట్టు వేసింది. మా ఆవిడ గరిటె పట్టుకుని పెరట్లోకి వచ్చి చూసి, "అది మీకు కప్పిన శాలువానే గదా!" అని కేకేసింది.

కుక్కలాయన ఖాళీ బెల్టు చేతిలో పట్టుకుని చేలో నిలబడి ఉన్నాడు. చెంపలు తడిసిపోయాయి. నవ్వుతున్నాడు. "ఉండాదన్నా," అంటున్నాడు నాతో, "ఇంకా ఉండాది దాంట్లో!"

అది రొప్పుతూ వచ్చి, శాలువాను ఆయన కాళ్ల దగ్గర పడేసి, దాని మీద ఒరిగి పడుకుంది. ఆ శాలువా ఇప్పటికీ దానిదే. నేను ఇది రాస్తుంటే జరీ అంచు మీద మూతి పెట్టుకుని నిద్రపోతోంది.

అందుకే మా ఇంటికి వచ్చే పిల్లలకు ఒక మాట చెబుతుంటాను. పశువును ఎవరికైనా ఇప్పించేటప్పుడు దాని తాడుతో సహా ఇప్పించండి, ఎవరేమన్నా సరే. ఇంకొకటి, మోటారు సైకిలు మీద వచ్చేటప్పుడు ఎర్రటిది ఏదీ మెడలో వేసుకుని రావద్దు. మరిచిపోయి వేసుకొచ్చినా ఫరవాలేదు. మా వెనక చేను కోత అయిపోయింది.